చూసుకుంటానంటే ఒకటి నొక్కండి

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చిన్నక్కది. పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు సాయంత్రం సంచీ భుజాన తగిలించుకునేదాకా, ఊళ్ళో నొప్పి పుట్టిన ప్రతి పన్నూ ముందుగా ఆమె చెవిలోనే మొరపెట్టుకునేది. ఏడ్చేవాళ్ళు కొందరు, కసిరేవాళ్ళు కొందరు. దవడ వాచినవాళ్ళు ఏమంటున్నారో వాళ్ళకే తెలియాలి. అందరికీ ఒకే మెత్తని గొంతుతో "కంగారు పడకండి, రండి చూద్దాం" అనాలి. అని అని ఆమెకి అదే అసలు గొంతైపోయింది. ఇంట్లో పాలు పొంగిపోతున్నా అదే గొంతుతో చెబుతుందని భర్త నవ్వేవాడు.

ఆమెను చిన్నక్క అనేది తమ్ముడొక్కడే. అతనికి పైన ఇద్దరూ అక్కలే కావడంతో ఒకామె పెద్దక్క అయింది, ఈమె చిన్నక్క అయింది. ముగ్గురివీ మూడు ఇళ్ళు, ఒకే ఊరు.

ఆ రోజు మధ్యాహ్నం హాల్లో జనం చెంపలు పట్టుకుని కూర్చున్నారు. లోపల డ్రిల్లు గీపెడుతోంది. టేబుల్ మీద ఆమె సెల్లు వణికింది. తెర మీద "డబ్బా" అని పడింది. చిన్నక్క కళ్ళు మూసుకుని, ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్క ఇంట్లో అలారం మోగింది. దయచేసి వెంటనే వెళ్ళండి. చూసుకుంటానంటే ఒకటి నొక్కండి."

ఆ చెబుతున్నది ఆమె గొంతే. మెత్తగా, మర్యాదగా, పన్ను పీకించుకోవడానికి రమ్మన్నట్టే ఉంది. చిన్నక్క ఒకటి నొక్కింది. డాక్టరమ్మ గది తలుపు సగం తీసి, "మేడమ్, మా అక్క ఇంటికి..." అంది. డాక్టరమ్మ తలెత్తకుండానే "వెళ్ళిరండి" అంది. ఆ మాటలో కోపం లేదు. ఆ పర్మిషన్ అడగడానికి చిన్నక్కకీ, ఇవ్వడానికి ఆమెకీ బాగా అలవాటైపోయింది.

బస్సు దిగి సందులోకి తిరిగి, తాళంచెవితో తలుపు తీసేసరికి పెద్దక్క వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమ చేతిలో తుడుపుకర్ర. పక్కనే బకెట్టు బోర్లాపడి ఉంది. ఆ నీళ్ళు కాస్తా నేల మీదున్న తెల్లటి బిళ్ళని తాకాయి. తడి తగిలితే అరవడమే ఆ బిళ్ళ పని కాబట్టి అరిచింది.

పెద్దక్క మొహం చిన్నబోయింది. "మెల్లిగా," అంది. "మెల్లిగా, మెల్లిగా."

"పోనీలే అక్కా. ఇలా ఇవ్వు," అని చిన్నక్క తుడుపుకర్ర అందుకుంది.

పెద్దక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదని చెప్పేది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఆమె అరుపులు తినే స్టీరింగు పట్టుకున్నారు. ఒకరోజు పాఠం మధ్యలో, పక్క సీట్లో కూర్చునే, మాట తడబడి కుడి చెయ్యి వాలిపోయింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. కాలు చాలామటుకు తిరిగొచ్చింది. చెయ్యి కాస్త వచ్చింది. మాట మాత్రం రాలేదు. అన్నీ అర్థమవుతాయి, లోపల అన్నీ ఉన్నాయి, నోట్లోకి వచ్చేసరికి రెండే రెండు మాటలు: ఒకటి "మెల్లిగా", ఇంకోటి "బ్రేకు". ఏళ్ళ తరబడి రోజంతా అన్న మాటలు కదా, అవే మిగిలాయి. ఆకలేసినా మెల్లిగా, కోపమొచ్చినా మెల్లిగా. మరీ కోపమొస్తే బ్రేకు. రాయడం కూడా మాటతోపాటే పోయింది.

ఆమె ఉండే ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. పెద్ద వాన పడితే వెనక గదిలోకి కాలవ నీళ్ళు ఎగదన్నుతాయి. జబ్బు చేసిన కొన్నాళ్ళకి అలాంటి వానే వచ్చింది. పెద్దక్క చెల్లెలికి ఫోన్ చేసి, "మెల్లిగా, మెల్లిగా, మెల్లిగా," అంది. హడావుడి పడొద్దంటోందనుకుని చిన్నక్క, "సరే అక్కా, వానలో మెల్లిగానే వస్తాలే," అని చెప్పి, పని ముగించుకుని సాయంత్రం వెళ్ళింది. వెళ్ళేసరికి పెద్దక్క బల్ల ఎక్కి కూర్చుని ఉంది. మంచం కోళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు నవ్వు రాలేదు. తర్వాత తలుచుకున్నప్పుడూ సగమే వచ్చేది.

దాంతో తమ్ముడు ఎక్కడో విచారించి ఆ డబ్బా తెచ్చాడు. అలారం డయలర్ అంటారట. ఇంట్లో ఇంటర్నెట్టుకి తగిలిస్తే చాలు. వెనక గదిలో నీటి బిళ్ళ, వంటింటి కప్పుకి పొగ పట్టేదొకటి, వీధి తలుపుకి మరొకటి. ఏది అరిచినా డబ్బా వరసగా నంబర్లకి ఫోన్ చేసి, రికార్డు చేసిపెట్టిన మాట వినిపిస్తుంది. ఎత్తినవాళ్ళు ఒకటి నొక్కితే పూచీ వాళ్ళది. నొక్కకపోతే తర్వాతి నంబరు. ఎవరూ నొక్కకపోతే మళ్ళీ మొదటికి. మనుషుల కంటే దానికే ఓపికెక్కువ.

"మాట నువ్వే రికార్డు చెయ్యి చిన్నక్కా. ఫోన్లో మాట్లాడ్డం నీకు వెన్నతో పెట్టిన విద్య," అన్నాడు తమ్ముడు. ఆమె డబ్బా మీది మీట నొక్కిపట్టి, ఒకే ఊపులో చెప్పేసింది. మొదటి నంబరు ఆమెది, రెండోది తమ్ముడిది, మూడోది పెద్దక్క పక్కింట్లో ఉండే బేకరీ ఆయనది. ఆయన తెల్లవారకముందే పనికెళ్ళి, పగలు పడుకునే మనిషి.

అప్పట్నుంచీ చిన్నక్క కాళ్ళకి చక్రాలు కట్టుకుంది. బకెట్టు ఒలికినా, రొట్టె మాడినా, పెద్దక్క కూరగాయల బండి దగ్గరికెళ్ళి తలుపు సరిగ్గా వెయ్యకపోయినా ఆమె గొంతే ఆమెకు ఫోన్ చేసి, దయచేసి వెంటనే వెళ్ళమనేది. కొన్నిసార్లు క్లినిక్కులో చెయ్యి ఖాళీ లేక ఎత్తలేకపోయేది. డబ్బా తమ్ముడిని అడిగి, బేకరీ ఆయన్ని అడిగి, చుట్టు తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేది. రాత్రి భోజనం దగ్గర భర్త ఏదో చెబుతుంటే ఆమె ముద్ద చేతిలో పట్టుకునే కునుకు తీసేది. అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. "నిన్ను కూడా ఓసారి ఆపేసి, గ్రీజు పెట్టాలి," అనేవాడు. ఆమెకి నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒక సెలవురోజు పొద్దున్నే తమ్ముడు పనిచేసే టైల్స్ షాపుకి వెళ్ళింది. పలకలన్నీ గోడల వెంట నిలబెట్టి ఉన్నాయి. దుమ్ము వాసన. తమ్ముడు తడిగుడ్డతో ఒక పలకని తుడుస్తున్నాడు.

"ఒరేయ్, ఫోన్ ఎత్తుతావు, వింటావు, పెట్టేస్తావు. అంతా డబ్బా యాప్‌లో కనబడుతోంది. ఒకటి నొక్కడానికి నీకు వేలు రాదా?"

"కస్టమర్లు ఉంటారు చిన్నక్కా."

"నా ముందు పన్నునొప్పితో ఉంటారు."

"డబ్బా కొన్నది నేనే కదా," అన్నాడు. అన్నాక తనకే బాగోలేదేమో, గుడ్డ కింద పెట్టాడు. "నిజం చెప్పనా? తిట్టకూడదు మరి."

"చెప్పు."

"అందులో నీ గొంతు వినగానే నువ్వప్పటికే అక్కడున్నావనిపిస్తుంది. కంగారేమీ ఉండదు కదా ఆ గొంతులో. చిన్నక్క చూసుకుంటోంది, ఇంక నేనెందుకులే అనిపిస్తుంది. పెట్టేస్తాను. కావాలని కాదు."

చిన్నక్కకి తిట్టాలనే ఉంది. కానీ వాడు అబద్ధం చెప్పలేదని తెలుస్తూనే ఉంది. అదే ఇంకా నీరసం తెప్పించింది. "సరే, పని చూసుకో," అని వచ్చేసింది. బస్సులో కిటికీకి తల ఆనించి, దిగాల్సిన స్టాపు దాటాక కళ్ళు తెరిచింది.

ఆ తర్వాత ఆమెకే పన్ను నొప్పి పట్టుకుంది. చివరి జ్ఞానదంతం. చాలా నాళ్ళుగా పట్టించుకోకుండా నెట్టుకొస్తున్నదే. ఫోన్ మాట్లాడుతూ అరచేత్తో దవడ నొక్కుకుంటుంటే డాక్టరమ్మ చూసింది. "ఇంతమందిని రమ్మంటారు, మీరెప్పుడొస్తారు?" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. పన్ను మొండికేసింది. బయటికొచ్చేసరికి చిన్నక్క చెంప బూరెలా ఉబ్బింది, నోట్లో దూది, నాలుక తనది కానట్టుంది. "ఇవాళ మాట్లాడొద్దు. ఇంటికెళ్ళి పడుకోండి," అంది డాక్టరమ్మ.

సంచీ తీసుకుంటుండగా సెల్లు వణికింది. "అక్క ఇంట్లో అలారం మోగింది. దయచేసి..." ఆమె నోరు మూతపడినా ఆమె గొంతు మాత్రం డ్యూటీలోనే ఉంది. తమ్ముడికి చెబుదామంటే నోరు తిరగదు. ఒకటి నొక్కింది.

ఇంట్లో పొగ. రొట్టె ముక్క మాడి బొగ్గయింది. పెద్దక్క స్టూలు పక్కన నిలబడి, తువ్వాలుతో కప్పుకేసి విసురుతోంది. చిన్నక్క కిటికీ తెరిచి, "ఏంవైంఅ అఆ?" అంది.

పెద్దక్క విసరడం ఆపి చూసింది. దగ్గరికొచ్చి, వాచిన చెంప చూసింది. వేలితో తన చెంప తట్టుకుని, "మెల్లిగా?" అని అడిగింది.

చిన్నక్క తలూపి, పట్టకారుతో లాగినట్టు చేత్తో చూపించింది. ఆ మొండి పన్ను ఎలా వచ్చిందో కూడా అభినయించింది. డాక్టరమ్మ కాలు తన్నిపెట్టి లాగినట్టు. పెద్దక్క పెదవి ముందు ఒకవైపు లేచింది, తర్వాత మొత్తంగా నవ్వేసింది. జబ్బు చేశాక ఆమె అంతలా నవ్వడం అదే మొదలు. చిన్నక్కకీ నవ్వొచ్చింది. దూది అడ్డమై, నవ్వు కళ్ళలోంచి వచ్చింది. ఆ నీళ్ళు ఎంతకీ ఆగలేదు. మంచం మీద కూలబడి, మోచేతులు మోకాళ్ళకి ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చింది.

పెద్దక్క నవ్వు ఆగిపోయింది. ఆమె ఫ్రిజ్‌లోంచి ఐసు తీసి, ఎడం చేత్తో తంటాలు పడి గుడ్డలో చుట్టి, చెల్లెలి చెంపకి ఆనించింది. భుజం పట్టి పడుకోబెట్టింది. పక్కనే కూర్చుని, తలుపు మీది బిళ్ళకేసి, మూలనున్న డబ్బాకేసి, చెల్లెలి చెప్పులకేసి చూసింది. ఆ చూపు కునుకు పట్టేలోపు చిన్నక్కకి లీలగా కనబడింది.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మారింది. పెద్దక్క డబ్బా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. "బ్... బ్... బ్రేకు," అంటోంది. తల విదిలించి మళ్ళీ, "బ్... బు..."

చిన్నక్క లేచి కూర్చుంది. పెద్దక్క ఆమె సెల్లు అందుకుని చేతిలో పెట్టి, తెర తీయమని సైగ చేసింది. యాప్ తెరిచాక నంబర్ల వరసలో చిన్నక్క నంబరు మీద వేలు ఆనించి, మెల్లగా కిందికి ఈడ్చింది. అడుక్కి. తమ్ముడి నంబరు పైకొచ్చింది. తర్వాత డబ్బాని చూపించి, తన నోటిని చూపించుకుంది.

మాటలు నేర్పడానికి వారానికోసారి ఒకావిడ వచ్చేది. సంగతి విని ఆవిడకి ఉత్సాహం వచ్చింది. "బ్రేకు అంటున్నారు కదా, ఆ బ తోనే పట్టుకుందాం. మీ తమ్ముడిని ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగింది.

"బుజ్జి అనేది చిన్నప్పుడు," అంది చిన్నక్క. "ఇప్పుడు బట్టతల."

అద్దం ముందు పెట్టుకుని పెద్దక్కకి పొద్దస్తమానం అదే పని. బ్ అని మొదలై, ఎక్కడో మలుపు తప్పి మళ్ళీ అదే బ్రేకులో పడేది. విసిగి అద్దం బోర్లా పడేసేది. కాసేపయ్యాక తనే తీసి నిలబెట్టేది. చిన్నక్క వెళ్ళిన సాయంత్రాల్లో పక్కన కూర్చుని, దగ్గరుండి అనిపించాలని చూసేది గానీ, సగం రోజులు ఆమెకే కళ్ళు మూతలుపడేవి. అలా కునుకుతూ ఉండగానే ఒక సాయంత్రం, "బుజ్జీ," అని వినబడింది. మొద్దుగా, గరుకుగా, కానీ అదే మాట. కళ్ళు తెరిచి చూస్తే పెద్దక్క డబ్బా మీట నొక్కిపట్టి ఉంది. చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ రాలేదు. తర్వాత, "రా," అంది.

ఆకుపచ్చ దీపం వెలిగింది.

"చివర్న ఒకటి నొక్కమని నేను చెప్పనా?" అని అడిగింది చిన్నక్క. పెద్దక్క గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"పోనీ వాడికి ముందు చెబుతా."

దానికీ అడ్డంగానే ఊపింది.

చిన్నక్కకి లోలోపల నమ్మకం లేదు. ఆ రెండు మాటలూ విని, ఏమీ అర్థంకాక వాడు పెట్టేస్తాడనీ, బేకరీ ఆయన నిద్రలో ఉంటాడనీ, చివరికి తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తుందనీ అనుకుంది.

వాన వచ్చిన రోజు క్లినిక్కులో జనం పల్చగా ఉన్నారు. అద్దాల మీద నీళ్ళు తెరలా జారుతున్నాయి. చిన్నక్క ఎవరికో అపాయింట్‌మెంట్ మారుస్తూ, ఒక కన్ను సెల్లు మీదే పెట్టింది. తెర వెలిగింది. వెనక గదిలో తడి. మొదటి నంబరుకి, తమ్ముడికి, ఫోన్ వెళుతోంది. ఆమె లేవబోతే కుర్చీ వెనక్కి జరిగింది. చెయ్యి అప్పుడే సంచీ మీదకి పోయింది. అంతలో తెర మారింది: మొదటి నంబరు ఒప్పుకుంది.

ఫోన్లో అవతలి మనిషి, "హలో, ఉన్నారా?" అంటున్నాడు. "ఉన్నానండి," అంది. తెరని మళ్ళీ చదివింది. ఆనందం లాంటిదేమీ రాలేదు. బరువైన బీరువాని ఒక్కతే ఈడుస్తుంటే అవతలివైపు ఎవరో చెయ్యి వేసినట్టనిపించింది. కూర్చుంది.

కాసేపటికి తమ్ముడు ఫోన్ చేశాడు. వెనకాల నీళ్ళు తోడుతున్న చప్పుడు.

"ఆ నీళ్ళు తోడే పంపు స్విచ్చెక్కడుంది?"

"వంటింటి తలుపు వెనకాల. ఎర్రది."

"నొక్కితే ఏమీ అవ్వట్లేదు."

"గట్టిగా నొక్కిపట్టు. పాతది."

పంపు గుర్రుమన్న శబ్దం ఆమెకీ వినబడింది. తమ్ముడు బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అన్నాడు. గొంతులో కోపం ఉంది.

"అక్క వద్దంది."

"షాపులో ఒకాయనకి బాత్రూం పలకలు చూపిస్తున్నా. డబ్బాలో నీ గొంతే వస్తుందనుకుని ఎత్తా. బుజ్జీ అంది. అంతే, పలక చెయ్యి జారింది. ఆ రెండో మాట వచ్చేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో తెలీదు. ఆయన, ఏమైందండీ, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"మా అక్క మాట్లాడిందండీ అన్నా." ముక్కు ఎగబీల్చాడు. "ఆయనకేం అర్థమవుతుంది."

చిన్నక్క రిసీవరు దగ్గరి కాగితాలు సర్దింది. సర్దడానికి అక్కడేమీ లేదు. "తడి బట్టల్లో ఉండకు. అక్క తువ్వాళ్ళు పై అరలో ఉంటాయి," అంది.

"నువ్వు రాకు. నేను సాయంత్రందాకా ఉంటా."

"రానులే."

ఇదంతా చూసి తమ్ముడు దేవుడైపోయాడనుకోనక్కర్లేదు. ఒకటి రెండుసార్లు సినిమాహాల్లో ఉండి ఎత్తలేదు. బేకరీ ఆయన నిద్రమొహంతో వెళ్ళి బకెట్టు నిలబెట్టి వచ్చాడు. తమ్ముడి భార్య, "వదినా, ఈయన పొద్దున టిఫినైనా తినకుండా అక్కడికే పరిగెడుతున్నాడు," అని సణిగింది. నంబర్ల వరస మళ్ళీ మార్చమని మాత్రం ఎవరూ అనలేదు. పెద్దక్కకి ఇంకో రెండు మాటలు వచ్చాయి, వచ్చినవాటిలో ఒకటి ఎవరి ముందూ చెప్పలేని తిట్టు. అది కారు నేర్చుకునేవాళ్ళ మీద వాడినదే అయ్యుంటుందని చిన్నక్క అనుమానం. మాటలు నేర్పే ఆవిడ మాత్రం చాలా సంతోషించింది.

చిన్నక్కకి డబ్బా ఫోన్లు తగ్గాయి. పూర్తిగా పోలేదు. అలసట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్ళూ నిలబడే ఉన్నది ఇప్పుడు కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇంటికెళ్ళగానే పడుకునేది, లేచి మళ్ళీ పడుకునేది. భర్త వంట చేసి, లేపకుండా మూత పెట్టేవాడు.

ఒక సాయంత్రం క్లినిక్కు తాళం వేసి స్టాపు దగ్గరికొచ్చింది. ఆమె ఇంటివైపు వెళ్ళే బస్సు వచ్చింది. జనం కిక్కిరిసి మెట్ల మీదకి కారుతున్నారు. మామూలుగా అయితే సంచీ ముందుకి పట్టుకుని దూరేసేది. ఆ రోజు బెంచీ మీంచి లేవలేదు. డ్రైవరు ఆమెకేసి చూసి, ఎక్కుతారా అన్నట్టు తల ఎగరేశాడు. చిన్నక్క వద్దని చెయ్యి ఊపింది. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాత వచ్చినదాంట్లో సీటు ఉంది గానీ, ఇంకాసేపు కూర్చుందామనిపించి దాన్నీ పోనిచ్చింది.